బళ్ళు రాని దారి

మేడమ్ వాళ్ళమ్మతో పాటు ఆవిడ సైకిలు కూడా విమానంలో వచ్చింది. నవంబరు నెల. దుబాయ్‌లో ఎండ అప్పుడప్పుడే మెత్తబడుతోంది. అట్టపెట్టె విప్పి, చక్రాలు బిగించి హాల్లో నిలబెడితే పెద్దావిడ తన బట్టల పెట్టెల వంక చూడనైనా చూడకుండా ముందు సైకిలు టైర్లు నొక్కి చూసుకుంది. లావు టైర్లు. తారురోడ్డు మీద తొక్కేది కాదట. కంకర మీదా, మట్టి మీదా తొక్కేదట.

నేనా ఇంట్లో పనికి కుదిరి అప్పటికి చాలా ఏళ్ళయింది. వంటా, ఇల్లూ, బట్టలూ అన్నీ నావే. అల్ వర్సాన్ దాటాక ఎడారి అంచున కట్టిన విల్లాల కాలనీ అది. మేడమ్‌ది ఫ్రాన్సు దేశం. ఒక్కతే ఉంటుంది, పొద్దున్నే ఆఫీసుకు పోతే రాత్రికి గాని రాదు. మా ఆయన త్రిమూర్తులు అబుదాబి అవతల మఫ్రఖ్‌లో కూలీల బస్సు తోలేవారు. ఒకే దేశంలో ఉన్నామన్న మాటే గాని నెలకో ఆదివారం కలిస్తే గొప్ప. ఇంటర్నేషనల్ సిటీలో మా రాజోలు వాళ్ళ గదిలో కూర్చుని, చేపల పులుసు తిని, కాకినాడలో నర్సింగు చదువుతున్న మా అమ్మాయి మంజులకి ఫోన్ చేసి, పొద్దుగూకేసరికి ఎవరి బస్సు వాళ్ళం ఎక్కేవాళ్ళం. అలిసిపోయిన ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే మాటలు పెద్దగా పుట్టవు.

పెద్దావిడ పేరు జోసెట్. నేను మామ్మగారూ అనేదాన్ని. సన్నగా, పొడుగ్గా, నడుం వంగకుండా ఉండేది. వచ్చిన రెండోరోజున మేడమ్ నన్ను వంటింట్లో నిలబెట్టి సంగతి చెప్పింది. అమ్మకి మతిమరుపు మొదలైంది. వాళ్ళ ఊళ్ళో ఒక కాలవుంది, కాలవ పక్కన కంకర బాటుంది, దాని మీదకి కార్లు రానివ్వరు. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ రోజూ ఆ బాట మీద సైకిలు తొక్కేది. మొన్న వేసవిలో పొద్దున వెళ్ళిన మనిషి సాయంత్రమైనా ఇంటికి రాలేదు. ఎక్కడో వేరే ఊళ్ళో, ఎవరి గుమ్మం ముందో కూర్చుని దొరికింది.

"సైకిలు దాచేస్తే తిండి మానేసింది," అంది మేడమ్. "ఇక్కడ రోడ్డు మీదకి పంపలేను. మన కాలనీ వెనక దారి ఉందిగా, అక్కడ తొక్కనీ. నువ్వు వెంట ఉండు."

"నాకు సైకిలు రాదు మేడమ్."

"నా సైకిలు ఊరికే పడుంది. నేర్చుకో."

పనికి పని తోడయిందనుకున్నాను. మా ఊళ్ళో కాలవగట్టు మీద హైస్కూలుకి పోయే ఆడపిల్లలకి సైకిళ్ళుండేవి. నాకు బడి ఐదో తరగతితోనే ఆగిపోయింది గనక సైకిలు అవసరం పడలేదు. ఇప్పుడు, మోకాళ్ళు పట్టేసే వయసులో, అయినవాళ్ళెవరూ చూడరు కదా అన్న ధైర్యంతో ఎక్కాను.

నేర్పింది రహమతుల్లా. కాలనీలో మొక్కలు చూసేవాడు, నిజామాబాద్ మనిషి. సీటు పట్టుకుని వెనకే పరిగెత్తేవాడు.

"అక్కా, కిందికి జూడకు. చక్రం జూస్తే గా చక్రం మీదనే పడ్తవ్. ముందట గా కరెంటు కంబం జూడు. గాడికి పోవాలని మనసుల అనుకో, సైకిలే పోతది."

చాలాసార్లు పడ్డాను. మోచేతులు చెక్కుకుపోయాయి. మామ్మగారు ఒక కాలు నేల మీద ఆనించి, ఓపిగ్గా నిలబడి చూసేది. ఒకనాడు నేను కంబం దాకా పోయి వెనక్కి చూస్తే రహమతుల్లా ఎక్కడో దూరంగా, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. సీటు ఎప్పుడు వదిలేశాడో నాకు తెలియనే లేదు.

కాలనీ గోడకి వెనక చిన్న ఇనప గేటు. దాన్ని దాటితే కరెంటు టవర్లు వరసగా ఎడారిలోకి పోతాయి. వాటి కింద మరమ్మతులకని వేసిన కంకర దారి. బళ్ళు రాకుండా రెండు కొసలా గొలుసులు కట్టారు. ఒక పక్క ఇసక, ఇంకో పక్క దుమ్ము పట్టిన గాఫ్ చెట్లు. చక్రాల కింద రాళ్ళు కరకరమనడం తప్ప వేరే చప్పుడుండదు. మామ్మగారు ముందు, నేను వెనక. ఆవిడ గేటు దాటగానే "అలే!" అనేది. రాగానే ఇక్కడి అరబ్బుల్లా పదమనడానికి యల్లా అనడం నేర్చేసుకుందే అనుకున్నాను. కాదు, వాళ్ళ భాషలోనూ పదమనడానికి అలాంటి మాటే ఉందని మేడమ్ చెప్పింది.

మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఆవిడకి ఇంగ్లీషు కొంత వచ్చేదిట, అదీ జారిపోయింది. అందుకని ఆవిడ ఫ్రెంచిలో చెప్పేది, నేను తెలుగులో చెప్పేదాన్ని. ఆవిడ గాఫ్ చెట్టు చూపించి ఏదో పొడుగ్గా చెబితే, "అవునండీ, మా వైపు కాలవగట్ల మీద నిద్రగన్నేరు చెట్లుంటాయండీ, ఎంత నీడో," అనేదాన్ని. ఆవిడ తల ఊపేది. ఒక్కోసారి ఆగి, నా చెయ్యి పట్టుకుని "ఒదిల్" అని పిలిచేది. ఎవరని మేడమ్‌ని అడిగాను.

"మా పిన్ని," అంది. "పోయి చాలా కాలమైంది."

ఆ తర్వాత ఆ పేరుతో పిలిచినా పలికేదాన్ని.

డిసెంబరు వచ్చేసరికి, పొద్దున ఆ కాసేపు కోసం నేను కాచుకుని కూర్చునేదాన్ని. పని తగ్గిందేమీ లేదు. వెనక్కి వచ్చాక అదే వంటా, అవే బట్టలూ. కాని ఆ దారి మీద నన్నెవరూ పిలవరు, గంట మోగదు, ముందు ఒక ముసలావిడ తెల్ల జుట్టు తప్ప ఇంకేమీ చూసుకోనక్కర్లేదు.

ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు. ఎందుకంటే చెప్పడం కష్టం. పొద్దున ఫోన్ చేసేవారు. ఆ గొంతులో ఆ మధ్య ఇంకా నీరసం పెరిగింది.

"ఏం చేత్తన్నావే?"

"ఏవుందండీ, పనే. మీరు?"

"పనే."

"తిన్నారా?"

"తిన్నాను. సరే మరి."

ఆ మనిషికి నేను ఎడారిలో గాలికి సైకిలు తొక్కుతున్నానని ఎలా చెప్పను? ఆయన అంత అలిసిపోయి ఉంటే నేను సంతోషంగా ఉండడం తప్పులా తోచేది.

జనవరిలో మంచు పట్టింది. ఇక్కడి మంచు మా గోదావరి మంచులా కాదు. సముద్రం నుంచి గోడలా వచ్చి నిలబడిపోతుంది. ఒకరోజు పొద్దున నేను టీ పెట్టి మామ్మగారి గదిలోకి వెళ్తే మంచం ఖాళీ. హాల్లో సైకిలు లేదు. వెనక గేటు బార్లా తెరిచి ఉంది.

మేడమ్ ఆఫీసు పని మీద బహ్రెయిన్‌లో ఉంది. నేను చెప్పులతోనే సైకిలెక్కాను. టవరు కాళ్ళు కూడా కనపడడం లేదు. "మామ్మగారో!" అని అరుస్తూ తొక్కాను. నా అరుపు నాకే వినపడింది. ఆవిడకేదైనా అయితే నన్నెవరు నమ్ముతారు, పోలీసులకి ఏ భాషలో చెప్పుకోను అనే ఆలోచన కూడా వచ్చింది. రాలేదంటే అబద్ధం. కాని తొక్కుతున్నకొద్దీ ఆ ఆలోచనలు వెనకబడ్డాయి. ముందు హైవే చప్పుడు వినపడడం మొదలైంది.

ఆ దారి కొస హైవే దగ్గర ఆగుతుంది. మేమెప్పుడూ అంత దూరం పోలేదు. గొలుసు అవతల మామ్మగారు నిలబడి ఉంది. సైకిలు గొలుసు దాటించేసింది. నైట్‌డ్రెస్ మీద కోటు, తలకి హెల్మెట్. మంచులోంచి లారీ దీపాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆవిడ రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూస్తోంది, చిన్న ఊరి సందు దాటబోతున్నట్టు.

బ్రేకు గట్టిగా నొక్కేశాను. కంకర మీద ముందు చక్రం పక్కకి పోయింది. ఎడం చెయ్యి కిందపడి పట్మని చప్పుడైంది. లేచి వెళ్ళి కుడిచేత్తో ఆవిడ కోటు పట్టుకున్నాను.

"ఇటు కాదండీ మామ్మగారూ," అన్నాను. "ఇటు బళ్ళొస్తాయండీ."

ఆవిడ నన్ను చూసి ముఖమంతా విప్పారేలా నవ్వింది. "ఒదిల్!" అంది.

ఒక పికప్ వాడు మమ్మల్ని చూసి ఆపాడు. ఎవరో పఠాన్. సైకిళ్ళు రెండూ వెనక వేసి ఇంటికి తెచ్చాడు. రహమతుల్లా మేడమ్‌కి ఫోన్ చేసి, పక్క విల్లా ఆవిడని మామ్మగారి దగ్గర కూర్చోబెట్టి, నన్ను ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అక్కడ కట్టు కట్టిన నర్సు నర్సాపురం అమ్మాయి, కృపాకుమారి. నా యాస వినగానే పోల్చుకుంది. "ఆంటీ, మీ ఆయన నెంబరు చెప్పండి," అని తనే ఫోన్ చేసింది. ఏం చెప్పిందో గాని మధ్యాహ్నానికి మా ఆయన వచ్చేశారు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నారు. ముందు నా కాళ్ళు చూశారు, తర్వాత తల, తర్వాత చేతి కట్టు.

"కారు గుద్దిందా?"

"కాదండీ. సైకిలు మీంచి పడ్డాను."

"ఎవరి సైకిలు?"

"నేను తొక్కుతున్నానండీ. నేర్చుకున్నాను."

కృపాకుమారి మందులు సర్దుతూ మా ఇద్దరినీ చూసి బయటికి వెళ్ళిపోయింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తిడతారనుకున్నాను. చాలాసేపు కట్టు వంకే చూశారు.

"ఎప్పట్నుంచీ?"

"నవంబరు నించండీ."

"నాకు చెప్పలేదేం?"

నేను దుప్పటి అంచు సర్దుకున్నాను. ఆయనే మళ్ళీ అడిగారు.

"బాగుంటదా? తొక్కుతుంటే?"

"బాగుంటదండీ."

"ఊఁ," అన్నారు. అంతే.

సాయంత్రం మేడమ్ విమానం దిగి నేరుగా ఆస్పత్రికొచ్చింది. "గేటుకి తాళం ఎందుకు వెయ్యలేదు?" అన్నది ముందు. తర్వాత మంచం కొసని కూర్చుని నా పాదం మీద చెయ్యి వేసింది.

చేతికి సిమెంటు కట్టుతో సైకిలు తొక్కలేను. మామ్మగారేమో పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని గేటు దగ్గర నిలబడేది. ఆపితే పళ్ళెం తోసేసేది. మేడమ్ దిక్కుతోచక ఉంటే మా ఆయన అన్నారు, "నేనొత్తానని చెప్పు. సెలవుంది నాకు." ఇంటర్నేషనల్ సిటీ గదిలో పడుకుని, తెల్లవారుతూనే బస్సులో వచ్చేవారు. నేను తొక్కిన ఆ మేడమ్ సైకిలే ఎక్కి మామ్మగారి వెనక తొక్కేవారు. చిన్నప్పుడు కొబ్బరికాయలు మోసిన కాళ్ళు, సైకిలు ఆయనకి లెక్కా? నేను ఆ వెనకాల నడిచేదాన్ని. మామ్మగారు ఆయనెవరని అడగలేదు. "అలే!" అంది, ఆయన బయల్దేరారు.

వారం గడిచింది. సెలవు అవలేదు. ఇంకో వారం మొదలైంది. ఒకరోజు ఆయన సైకిలు దిగి నాతో పాటు నడుస్తుంటే అడిగాను.

"బస్సు ఎవరు తోల్తన్నారండీ?"

మామ్మగారు ముందు నెమ్మదిగా పోతోంది. ఆయన టవరు కింద ఆగారు.

"ఎంత నిమ్మళంగా ఉందే ఇక్కడ," అన్నారు. "బండి చప్పుడన్నది లేదు."

"లేదండీ."

"జులైలో జరిగింది, మాణిక్యం. పొద్దున షిఫ్టుకి జనాన్ని ఎక్కించుకుని బయల్దేరాను. రోడ్డవతల నించి ఒకడు పరిగెత్తుకొత్తన్నాడు. మన బస్సులోవోడే, బీహారోడు. రోజూ నా వెనక సీట్లో కూకునేవోడు. చెయ్యూపాడు, ఆగమని. నన్ను చూసే ఊపాడు. పక్కన ట్రైలరొత్తంది, దాన్ని చూడలేదు."

"మీరు ఆపలేదా?"

"ఆపేను," అన్నారు. "ఆపేననే కదా ఆడు పరిగెత్తింది."

ఆయన సైకిలు హేండిలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. అప్పట్నుంచీ పక్కన పెద్ద బండి వస్తే చేతులు వణుకుతున్నాయిట. కొన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. డిసెంబరులో ముదీర్‌కి, అదే మేనేజరుకి, చెప్పేస్తే బస్సు తీసేసి, యార్డులో బస్సులు కడిగే పనిలో వేశారు. నేను రోజూ ఫోన్లో తిన్నారా అని అడుగుతున్నప్పుడు ఆయన తడిబట్టలతో ఆ యార్డులో నిలబడి ఉన్నారు.

"నాకు చెప్పలేదేం?" అని నేను అడగలేదు. ఆ ప్రశ్నకి జవాబు ఎలా ఉంటుందో ఆస్పత్రిలో నాకే తెలిసింది.

"ఇంక నావల్ల కాదే. ఖలాస్," అన్నారు. "పేపర్లిచ్చేసి మార్చిలో ఇంటికి పోతాను."

ముందు పోతున్న మామ్మగారు ఆగి, వెనక్కి తిరిగి మమ్మల్ని కేకేసింది. ఆయన ముంజేత్తో ముఖం తుడుచుకుని సైకిలెక్కి వెళ్ళారు. వాళ్ళిద్దరూ ఒక టవరు నీడ దాటి ఇంకో టవరు నీడలోకి పోవడం చూస్తూ నేను నడిచాను. కట్టులోపల చెయ్యి సలుపుతోంది.

ఫిబ్రవరి ఆఖర్లో నా కట్టు విప్పారు. మణికట్టు సన్నబడి, ఎవరిదో చెయ్యిలా ఉంది. మెల్లగా మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. మా ఆయన వీసా కాగితాల పని మీద మఫ్రఖ్ వెళ్ళిపోయారు. అప్పుడు మేడమ్ ఒక మాట అడిగింది. ఏప్రిల్లో అమ్మని ఊరికి తీసుకుపోతుంది, వేసవంతా అక్కడే. నన్ను కూడా రమ్మంది. వీసా తనే చూసుకుంటుంది.

"అమ్మ తొక్కిన దారులన్నీ నువ్వు చూడాలి," అని ఫోన్లో వీడియో పెట్టింది. పచ్చటి నీళ్ళ కాలవ. దాని పక్కన తెల్లటి కంకర బాట. రెండు పక్కలా పొడుగాటి చెట్లు ఆకులతో కమ్ముకున్నాయి. ఎంతసేపు చూసినా ఒక్క కారు రాలేదు. మామ్మగారు నా భుజం మీంచి వంగి చూస్తూ, వేలితో చూపించి ఒక్కో చోటు పేరూ చెప్పింది. కూతురి పేరు మరిచిపోయే మనిషి ఒక్క మలుపు దగ్గర కూడా తడుముకోలేదు.

నాకు వెళ్ళాలనిపించింది. నా జన్మలో పని కోసం కాకుండా ఒక చోటు చూడాలని అనిపించడం అదే మొదలు. అది కూడా పనే అనుకోండి.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "వెళ్ళవే," అన్నారు వెంటనే. "అంత మంచిగా అడుగుతుంటే. నేను ఇంటికాడ ఉంటాను. నాకేం."

నాకేం అన్న ఆ మాట వింటూనే తెలిసిపోయింది. మా పెంకుటింటి అరుగు మీద ఒక్కరే కూర్చుని, పొద్దున్నే రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా చేతులు చూసుకుంటారు. ఫోన్ చేస్తే తిన్నాను అంటారు. ఇన్నేళ్ళూ మేమలాగే బతికాం.

మర్నాడు వంటింట్లో మేడమ్‌కి చెప్పాను. నేనూ మార్చిలో వెళ్ళిపోతానని.

"అమ్మ నీతో తప్ప ఎవరితోనూ వెళ్ళదు," అంది.

"తెలుసు మేడమ్."

"తెలిసీ వెళ్తావా?"

"మా ఆయన ఒంట్లో బాగాలేదు మేడమ్."

జబ్బేమిటని అడగలేదు. కాఫీ కప్పు సింకులో పెట్టేసి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కాని నా కాగితాల పని మాత్రం ఒక్కరోజు కూడా ఆపకుండా చేయించింది.

మామ్మగారికి నేనే చెప్పాలనుకున్నాను. చెప్పకుండా పోతే ఉసురు తగులుతుంది. గేటు దగ్గర ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, తెలుగులోనే చెప్పాను. చేత్తో విమానం ఎగరడం చూపించాను, నా గుండె మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడకి అర్థమైంది. నా సన్నబడ్డ మణికట్టు నిమురుతూ ఫ్రెంచిలో చాలాసేపు మాట్లాడింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆవేళ సైకిళ్ళు తియ్యలేదు.

మర్నాడు పొద్దున హెల్మెట్ పెట్టుకుని, నవ్వుతూ గేటు దగ్గర నిలబడింది. నిన్నటిది ఏమీ గుర్తులేదు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అప్పుడే మొదటిసారి విన్నట్టు ఆవిడ ముఖం వాడిపోయింది. ఆ మర్నాడూ అంతే. ప్రతి పొద్దునా నేను ఆవిడని విడిచి వెళ్ళిపోయేదాన్ని. ప్రతి పొద్దునా ఆవిడ ఏడ్చేది. పనిచేసి అలిసిపోవడం నాకు తెలుసు గాని, అలాంటి అలసట అంతకుముందు ఎరగను.

చెట్లకి నీళ్ళు పెడుతున్న రహమతుల్లా చూసి చూసి ఒకరోజు పైపు కింద పడేసి వచ్చాడు.

"ఏందక్కా ఇది? నువ్ పోయేది ఒక్కసారి. గామెకు మాత్రం దినాం పోతున్నవ్. ఎందుకు సతాయిస్తున్నవ్ ముసలామెని?"

"చెప్పకుండా ఎలా పోను తమ్ముడూ?"

"చెప్పినవ్ గదా. యాదికి లేకుంటే చెప్పనట్టా?"

ఆ తర్వాత ఇంక చెప్పలేదు. ఉన్న నాలుగు పొద్దులూ తొక్కాం.

వెళ్ళే రోజు మా విమానం షార్జా నుంచి మధ్యాహ్నం. మా ఆయన ముందే వచ్చి కాలనీ గేటు దగ్గర సామానుతో కూర్చున్నారు. నేనూ మామ్మగారూ ఎప్పటిలాగే బయల్దేరాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పైన టవర్ల తీగెలు సన్నగా గీ పెడుతున్నాయి. ఆవిడ ఏదో చెబుతూ పోయింది. తిరిగొచ్చాక హెల్మెట్ విప్పి, చెమటకి అంటుకున్న జుట్టు సర్దాను. సైకిలు గోడకి ఆనించాను.

ఆవిడ లోపలికి పోతూ గుమ్మంలో తిరిగి, "ఆ దమే," అంది. రేపు కలుద్దాం అని. అలే కాక వాళ్ళ భాషలో నాకు బాగా అర్థమయ్యే మాట అదొక్కటే.

"అలాగేనండీ మామ్మగారూ," అన్నాను.